మనోవ్యధయు, మరల మరల వచ్చు కురుపులును



సెగగడ్డ యెరుగనివారు మనలో లేరు. ఒక గడ్డ లేచుట, పండుట, చీము వెడలుట, మానుట, ఇంతవరకు ఎవ్వరును అంతగా భయపడరు. కాని యది మానిన నెల తిరుగకముందే మెడమీద నింకొకటి, దాని వెనుక చంకలో వేరొకటి, ఇట్లు వరుసగా వచ్చుచున్నప్పుడు ఇంటిల్లిపాదికిని కలత పుట్టును. అట్టి సమయమున అరుగుమీద కూర్చున్నవారు సామాన్యముగా చెప్పు మాట యొకటి కలదు. "పాపము, వాని మనస్సు బాగుగ లేదు. పిల్ల పెండ్లి బెంగ, బ్యాంకి అప్పు, దాయాదులతో వ్యాజ్యము. ఆ లోపలి వేడియే గడ్డలై పైకి వచ్చుచున్నది" అందురు. ఈ మాటలో నిజమెంత, పొరపాటెంత అనునది ఈ పూట నేను విన్నవింపదలచిన విషయము.

ఇది ఊరక కాలక్షేపమునకు పనికివచ్చు చర్చ కాదు. విచారమే సర్వమునకు మూలమని నమ్మినవాడు మందు మాని మ్రొక్కులకు దిగును. విచారమునకును వ్రణమునకును ఏ సంబంధమును లేదని నమ్మినవాడు ఒక పూతమందు తరువాత నింకొకటి మార్చుచు, గడ్డ మరల లేచినప్పుడెల్ల వైద్యుని నిందించును. ఇరువురికిని నష్టమే. నేను వైద్యుడను కాను. ముప్పదియైదు సంవత్సరములు పాఠశాలలో తెలుగును సంస్కృతమును బోధించి విరమించినవాడను. కావున మందుల మోతాదులు నా నోట వినబడవు. పూర్వుల గ్రంథములను, నేటి శాస్త్రజ్ఞులు పరిశోధించి తేల్చిన సంగతులను ప్రక్క ప్రక్కన పెట్టి చూచి, నాకు బోధపడినంతవరకు చెప్పెదను.

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియైదవ అధ్యాయమందు ఒక చక్కని పట్టిక కలదు. ఒక్కొక్క వర్గములో ఏది అన్నిటికంటె ముఖ్యమో ఏరి చూపిన పట్టిక యది. అందు రోగమును వృద్ధిపొందించు వానిలో విషాదమునకు అగ్రస్థాన మీయబడినది. ఇక్కడ పండితులు ఒక్క క్షణము ఆగవలెను. ఆచార్యుడు వాడిన పదమునకు "పెంచునది" అని యర్థము. "పుట్టించునది" అని కాదు. వ్యాకరణము చదివినవానికి ఈ ధాతుభేదము స్వల్పమైనది కాదు. ఆ గ్రంథముననే శోకమువలనను భయమువలనను కలుగు జ్వరములను వేరుగా చెప్పినవాడు, ఇచ్చట మాత్రము వృద్ధిని గురించియే పలికెను. వేల సంవత్సరముల తరువాత పాశ్చాత్య దేశములలోని పరిశోధనశాలలు, చర్మపు కురుపుల విషయమున, ఈ తేడాకు సరిపడు నిర్ణయమునకే వచ్చినవి. ఎట్లో చూతము.

మొదట పుట్టించునది యేదో తెలియవలెను. స్కాట్లండు దేశమున అబర్డీన్ నగరములో అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ అను శస్త్రవైద్యుడుండెను. ఆయన 1880 ప్రాంతమున గడ్డలనుండి తీసిన చీమును సూక్ష్మదర్శినితో పరిశీలించి, గుండ్రని క్రిములు గుత్తులు గుత్తులుగా నుండుట కనిపెట్టెను. ద్రాక్షగుత్తివలె నున్నందున గ్రీకు భాషలో ఆ యర్థము వచ్చునట్లు 1882లో "స్టాఫిలోకాకస్" అని పేరు పెట్టెను. సెగగడ్డలలో అధికభాగము ఈ జాతి క్రిమివలన కలుగునవే. ఈ క్రిమి లేనిదే, ఎంత విచారమున్నను, చీముగడ్డ తనంతట తాను పుట్టదు. విత్తనము లేక మొక్క మొలువదుగదా.

అయితే ఈ విత్తనము ఎక్కడనుండి వచ్చుచున్నది? ఇక్కడనే వింత. నూటికి ముప్పదిమంది ఆరోగ్యవంతుల ముక్కులలో ఈ క్రిమి నిశ్శబ్దముగా కాపురముండును. వారికి జలుబు లేదు, పుండు లేదు, బాధ లేదు. ముక్కు నలుపుకొన్న వ్రేలితో మెడ గోకుకొన్నచో అది మెడకు చేరును. ఇంటిలో నందరును తుడుచుకొను ఒక్క తువాలుద్వారా ఇంకొకరికి చేరును. కావున గడ్డ మరల మరల వచ్చుచున్నదనగా, ప్రతిసారియు క్రొత్త శత్రువు బయటినుండి వచ్చుచున్నాడని తలంపరాదు. ఇంటిలోనే కూర్చున్నవాడు అదను చూచి లేచుచున్నాడు. ఆ యదనును కలిగించునదేది యన్నదే అసలు ప్రశ్న.

దానికి మన చర్మముయొక్క కట్టడము కొంత తెలియవలెను. పైకి కనబడు చర్మము నిజముగా మృతకణముల పొర. ఆ కణములు ఇటుకలవలె పేర్చబడి, వాని నడుమ క్రొవ్వు పదార్థము సున్నపు అడుసువలె నిండియుండును. లోపలినుండి క్రొత్త కణములు పుట్టి, ఇంచుమించు నాలుగు వారములలో పైకి వచ్చి, రాలిపోవుచుండును. ఈ గోడపై పలుచని పులుపు తత్త్వము కలదు. అది పెక్కు క్రిములకు సరిపడదు. ఇంతేకాక చర్మకణములే క్రిములను చంపు సూక్ష్మమైన మాంసకృత్తుల తునుకలను తయారుచేసి ఆ గోడలో నిలువచేయును. ఇవి కావలివాని చేతిలోని కఱ్ఱవంటివి. గోడ దాటి లోనికి వచ్చిన క్రిమిని రక్తములోని తెల్లకణములు వచ్చి మ్రింగును. ఇన్ని కాపుదలలు సరిగా నున్నంతకాలము ముక్కులోని క్రిమి ముక్కులోనే యుండును.

ఇక మనోవ్యధ ఈ గోడదాక ఎట్లు వచ్చును? మనస్సనునది ఒకచోటను చర్మమింకొకచోటను ఉన్నవిగదా యని సందేహము కలుగవచ్చును. వాని మధ్య దూత యొకడు కలడు. మనకు భయము గాని, దుఃఖము గాని, తీరని కొరత గాని కలిగినపుడు మెదడు అడుగుభాగమునుండి ఒక సంకేతము బయలుదేరును. అది రెండు మూడు అంచెలు దాటి, మూత్రపిండములపై టోపీలవలె కూర్చున్న అధివృక్క గ్రంథులను చేరును. ఆ గ్రంథులు కార్టిసాల్ అను రసమును రక్తములోనికి వదలును. దీనివంటి రసములను హార్మోనులందురు. కార్టిసాల్ చెడ్డది కాదు. అది లేక మనుష్యుడు బ్రదుకలేడు. ఎద్దు తరుముకొని వచ్చినప్పుడు రక్తములో చక్కెరను పెంచి, పరుగెత్తుటకు కావలసిన శక్తి నిచ్చునట్టిది. ఆపద గడచినంతనే అది తగ్గిపోవలెను. ఎద్దు తరుముట అరగడియలో ముగియును. అప్పు అట్లు ముగియదు. వ్యాజ్యము పదేండ్లు సాగును. మంచము పట్టిన భర్తకు సేవచేయు ఇల్లాలికి రాత్రియని పగలని భేదము లేదు. తాత్కాలికమైన యాపదకై యేర్పడిన ఏర్పాటు నెలల తరబడి పనిచేయవలసి వచ్చినపుడే చిక్కు.

ఆ చిక్కు ఎట్టిదో వైద్యలోకమునకు బోధపడుటకు మందుగా వాడిన కార్టిసోనే కారణమైనది. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో వైద్యశాలలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు, కీళ్లవాతముచే కదలలేని యొక స్త్రీకి ఈ రసమునకు దగ్గరి చుట్టమైన కార్టిసోనును ఎక్కించెను. కొలది దినములలో ఆమె లేచి నడచినది. లోకము ఆశ్చర్యపడినది. 1950లో హెంచ్‌కును, ఆ రసములను శోధించిన కెండల్, రైక్‌స్టైన్ అను వారికిని నోబెల్ బహుమానము వచ్చినది. కాని కాలము గడచినకొలది రెండవ ముఖము బయటపడినది. ఈ జాతి మందును మిక్కుటముగా చాలకాలము పుచ్చుకొన్నవారి చర్మము పలుచబడెను. గాయములు మానుట ఆలస్యమయ్యెను. రక్తములో చక్కెర పెరిగెను. క్రిములు సులభముగా దాడి చేసెను. వాపును, ఎఱ్ఱదనమును, నొప్పిని అణచుటయే దీని గుణము. అవి యన్నియు శరీరము శత్రువుతో పోరాడునప్పటి గుర్తులే. పోరాటమును అణచినచో బాధ తగ్గును, శత్రువు మిగులును.

మందుగా ఇచ్చిన రసము చేయు పని సరే. శరీరము తానే విచారమువలన స్రవించు రసమును అట్టి పని చేయునా యను ప్రశ్నకు అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున జరిగిన పరిశోధనలు జవాబు చెప్పినవి. 1995లో ప్రకటించిన యొక పరిశోధనయందు, మతి తప్పిన వృద్ధులైన తమ బంధువులకు ఇంటివద్ద సేవచేయుచున్న 13 మంది స్త్రీలను, అదే వయస్సులో నుండి అట్టి భారము లేని 13 మంది స్త్రీలను ఎన్నుకొనిరి. అందరి చేతిమీదను, వారి సమ్మతితో, మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్న గాయము చేసి, అది పూర్తిగా మానుటకు ఎన్ని దినములు పట్టునో లెక్కించిరి. భారము లేనివారికి సగటున 39 దినములు పట్టినది. సేవచేయుచున్నవారికి దాదాపు 49 దినములు పట్టినది. గాయమొక్కటే, వయస్సొక్కటే, తేడా తొమ్మిది దినములకు పైమాట.

1998లో అదే పరిశోధకుల బృందము దంతవైద్య విద్యార్థులు 11 మందిపై మరియొక పరీక్ష జరిపినది. ప్రతి విద్యార్థికి వేసవి సెలవులలో ఒకసారి, పెద్దపరీక్షకు మూడు దినముల ముందు మరియొకసారి, నోటి అంగిటిలో చిన్న గాయము చేసిరి. ఇక్కడ ప్రతివాడును తనకు తానే పోలిక. పరీక్షల సమయపు గాయము మానుటకు సెలవులనాటి గాయముకంటె సగటున మూడు దినము లెక్కువ పట్టినది. పదునొకండుగురిలో ఒక్కడైనను పరీక్షల వేళ సెలవులనాటి వేగముతో మానినవాడు లేడు. జీవితమంతయు పిల్లలకు పరీక్షలు పెట్టిన నావంటివాడు ఈ సంగతి చదివి కొంతసేపు పుస్తకము మూసి కూర్చుండవలసి వచ్చినది.

గాయము ఆలస్యముగా మానుట వేరు, క్రిములు దాడిచేయుట వేరు కదా యని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. 2007లో అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఎలుకలపై జరిగిన పరిశోధన దానికి సరిగా తగిలినది. కొన్ని ఎలుకలకు దెబ్బ గాని ఆకలి గాని కలిగింపక, మనస్సునకు మాత్రము కలత కలిగించి, వాని చర్మమును పరీక్షించిరి. ఇంతకుముందు నేను కావలివాని కఱ్ఱలని చెప్పిన మాంసకృత్తుల తునుకలు వాని చర్మములో తగ్గిపోయినవి. ఆపైన చీము పట్టించు క్రిమిని ఎక్కించగా, కలత చెందిన ఎలుకలలో పుండు తీవ్రమైనది. ఇందులో ముఖ్యమైన భాగ మింకను ఉన్నది. అధివృక్క గ్రంథుల రసము పనిచేయకుండ అడ్డుపెట్టి చూచినప్పుడు, కలత యుండియు, చర్మపు కాపుదల తిరిగి సరియైనది. దూత ఎవరో దీనితో రుజువైనది. ఎలుక మనుష్యుడు కాడు. ఆ సంగతి శాస్త్రజ్ఞులును ఎరుగుదురు. అయినను మనుష్యులలో కనబడినదానికిని ఎలుకలలో కనబడినదానికిని పొందిక కుదురుచున్నది.

చీముగడ్డలే కాక, లోపలనే దాగియుండి లేచు మరియొక జాతి కురుపులున్నవి. పరీక్షలు దగ్గరపడునప్పుడు కొందరు పిల్లల పెదవి అంచున నీటిపొక్కులు గుంపుగా లేచుట నేను ప్రతి సంవత్సరమును చూచితిని. దీనికి కారణము హెర్పీస్ జాతి వైరసు. లోకములో ఏబదియేండ్ల లోపువారిలో నూటికి అరువదిమందికి పైగా ఇది యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. సామాన్యముగ బాల్యమున పెద్దవారి ముద్దులవలన అంటుకొని, ముఖమునకు స్పర్శ నిచ్చు నాడి మొదట నున్న కణముల గుంపులో చేరి నిద్రించును. జ్వరము, తీవ్రమైన యెండ, నిద్రలేమి, మనస్సునకు తగిలిన దెబ్బ, వీనిలో నేదైనను దానిని మేల్కొలుపవచ్చును. వారము పది దినములలో దానంతట నదియే మానును. కాని కంటి దగ్గర లేచినచో మాత్రము ఆ దినమే కంటివైద్యుని చూడవలెను.

మనము అక్కి యనియు, సర్పి యనియు పిలుచునది దీనికి దాయాది. చిన్ననాడు వచ్చిన ఆటలమ్మ వైరసు దేహమును వీడిపోదు. వెన్నెముక ప్రక్కనున్న నాడీకణములలో దశాబ్దములు దాగి, వార్ధక్యమున ఆ నాడి పోవు దారి వెంబడి నడుమునకు ఒక ప్రక్కనే పొక్కులై లేచును. ఇంగ్లండులో సిరెన్‌సెస్టర్ అను చిన్నపట్టణపు వైద్యుడు హోప్-సింప్సన్ తన రోగులను 16 సంవత్సరములు గమనించి, ఈ వాదమును 1965లో ప్రకటించెను. పెద్ద వైద్యకళాశాల గాని, ఖరీదైన యంత్రములు గాని లేకుండ, ఓపికగా వ్రాసికొన్న లెక్కలవలన తేలిన సంగతి యిది. అక్కికి ముఖ్యకారణము వయస్సు. మనోవ్యధకు అందు భాగమెంత యనుటలో వైద్యులు ఏకాభిప్రాయముతో లేరు. మన గ్రామములలో కొన్నిచోట్ల దీనిపై జేగురుతో బొమ్మలు వ్రాయింతురు. ఆ బొమ్మను చూచి ముసలివానికి ధైర్యము కలుగుచో కలుగుగాక. ధైర్యము చెడ్డది కాదు. కాని జేగురు వైరసును చంపదు. దీనికి తగిన మాత్రలను పొక్కులు లేచిన మూడు దినములలోపల మొదలుపెట్టినచో ఎక్కువ మేలు. బొమ్మ ఆరువరకు వేచియున్నచో ఆ మూడు దినములును గడచిపోవును. ఆ పిమ్మట నెలలతరబడి మిగులు నొప్పిని అనుభవించినవారినే అడుగవలెను. ఏబదియేండ్లు దాటినవారికి దీనిని అడ్డు టీకా కూడ ఇప్పుడు కలదు.

ఇక తామర సంగతి. కార్టిసాల్ కథను ఇంతసేపు చెప్పుట కొంతవరకు దీనికొరకే. ఈ పది పండ్రెండేండ్లుగా మన దేశమున తామర లొంగని రోగమైనది. గజ్జలలో, నడుమున చక్రములు చక్రములుగా పాకి, మానినట్లే మాని మరల వచ్చును. దీనికి కారణమైన శిలీంధ్రములలో ఒకదానికి 2020లో జపాను శాస్త్రజ్ఞులు మన దేశపు పేరు కలిపి "ట్రైకోఫైటన్ ఇండోటినియే" యని పేరుపెట్టిరి. ఇట్టి కీర్తి మనకు అక్కరలేనిది. దీనికి తోడ్పడినది మందుల దుకాణములో అడిగినంతనే దొరకు మిశ్రమపు క్రీము. అందులో స్టెరాయిడు కలసియుండును. స్టెరాయిడనగా మన అధివృక్క గ్రంథుల రసమునకు చుట్టమే. పూసిన రెండవ దినమునకే దురద, ఎఱ్ఱదనము తగ్గును. రైతు సంతోషించి నాలుగు ట్యూబులు కొనును. లోపల శిలీంధ్రము నిరాటంకముగా పెరుగుచుండును. విచారము లోపలినుండి చేయు పనిని ఈ క్రీము పైనుండి, ఇంకను గట్టిగా చేయును. విచారముతో నున్న మనుష్యుడు ఈ క్రీమును కూడ పూసికొన్నచో, గోడను ఇరుప్రక్కలనుండి త్రవ్వినట్లగును. 2018లో ప్రభుత్వము ఇట్టి కొన్ని స్టెరాయిడు పూతలను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని కట్టడి చేసినది. చీటీ అడుగని దుకాణములు ఎన్ని యున్నవో మీకే తెలియును.

హార్మోనుల మాట అటుంచి, విచారము ఇంకను సామాన్యమైన దారులలో చర్మమును చేరును. నిద్ర లేనివాడు రాత్రి గోకుకొనుచుండును. గోళ్లతో గోడ చిట్లును, గోళ్లలోని క్రిమి లోనికి పోవును. బెంగ పెట్టుకొన్నవాడు స్నానమును తప్పించును, తిండి తప్పించును, పొగాకును సారాయిని హెచ్చించును. ఇవి చిన్నవిగా కనబడుచున్నవి గాని, నాకు తెలిసినంతలో ఊళ్లలో ఎక్కువ చెరుపు చేయునవి ఇవియే.

ఇప్పుడు రెండవ ప్రక్క చూపవలెను. మా గ్రామమున ఒక రైతునకు తొమ్మిది నెలలలో ఆరుసారులు గడ్డలు లేచినవి. ఆయనకు పొలము గట్టు తగాదా కోర్టులో నుండెను. ఊరందరును ఆ వ్యాజ్యమే దీనికి కారణమనిరి. రాజీ పడుమని పెద్దలు బుద్ధులు చెప్పిరి. రెండు క్షేత్రములకు మ్రొక్కులు తీర్చుకొని వచ్చెను. తుదకు ఒకనాడు ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి వ్రేలు గ్రుచ్చి రక్తపు చుక్క తీసి చూడగా, మధుమేహము మిక్కిలి ముదిరియుండెను. రక్తములో చక్కెర యెక్కువగా నున్నచో తెల్లకణములు సరిగా పోరాడలేవు. మాత్రలు మొదలుపెట్టి చక్కెర అదుపునకు వచ్చిన తరువాత గడ్డలు ఆగిపోయినవి. వ్యాజ్యము మాత్రము నేటికిని సాగుచునే యున్నది. విచారమును చూచినంతనే కారణము దొరకినదని తృప్తిపడుటలో నున్న ప్రమాదమిది. మూడు నెలలలో రెండు గడ్డలు లేచినవానికి మొదట చేయింపవలసినది చక్కెర పరీక్ష. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో అది జరుగును.

అదే వీథిలో నింకొక ఇల్లాలి సంగతి వేరు. భర్తకు పక్షవాతము వచ్చి రెండేండ్లు. రాత్రి మూడు నాలుగుసారులు లేచి ఆయనను ప్రక్కకు త్రిప్పవలెను. ఆమెకు చంకలో వరుసగా గడ్డలు లేచుచుండెను. చక్కెర పరీక్షలో దోషమేమియు లేదు. వైద్యుడు ముక్కులో పూయుటకు లేపనమును, స్నానమునకు క్రిమిసంహారక ద్రవమును ఇచ్చి, "రాత్రి నీవు ఎన్ని గంటలు నిద్రించుచున్నావమ్మా?" యని అడిగెను. అంతవరకు ఆమె నెవ్వరును ఆ ప్రశ్న అడుగలేదట. మరిది కుమారుడు వారమునకు నాలుగు రాత్రులు పెదతండ్రి దగ్గర పండుకొనుటకు ఒప్పుకొనెను. గడ్డలు తగ్గిపోయినవి. లేపనము ఎంత పని చేసినదో, నిద్ర ఎంత పని చేసినదో విడదీసి చెప్పజాలము. విడదీయవలసిన అవసరమును ఆమెకు లేదు.

ఈ విషయమున పెద్దల మాటకు బలమెక్కువ కనుక ఇంకొక సంగతి మనవి చేయవలసియున్నది. గడ్డలు మరల మరల వచ్చువానితో "నీ మనస్సే నీకు శత్రువు" అనుట ఔషధము కాదు. అది వానికి రెండవ గాయము. కురుపులున్నవాడు సిగ్గుచే నలుగురిలోనికి రాడు. పెండ్లికెదిగిన ఆడపిల్లయైనచో తల్లిదండ్రులు గది తలుపు వేయుదురు. ఆ సిగ్గువలన విచారము హెచ్చును, విచారమువలన కురుపులు హెచ్చును. దీనికి తోడు ఒక పదము చేసిన చేటు కలదు. ప్రాచీన వైద్యగ్రంథములలో "కుష్ఠము" అనగా చర్మవ్యాధులన్నిటికిని సామాన్యనామము. చరకుడు పదునెనిమిది విధములు చెప్పెను. మన తామరయు గజ్జియు వానిలోనివే. కాలక్రమమున ఆ పదము ఒక్క రోగమునకే నిలిచిపోయినది. ఆ రోగమునకు కారణమైన క్రిమిని నార్వేదేశపు హాన్సెన్ 1873లో కనుగొనెను. కావున పాత పుస్తకములో తామరను కుష్ఠభేదమని చదివి ఎవరును బెదరవలసిన పని లేదు. మొద్దుబారి స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ కనబడినచో మాత్రము వైద్యునికి చూపవలెను. దానికి పూర్తిగా మాన్పు మందులు ప్రభుత్వము ఉచితముగా నిచ్చుచున్నది.

ఇంటిలో చేయవలసిన పనులు కొన్ని మాత్రము చెప్పెదను. ఎవరి తువాలు వారికి వేరుగా నుండవలెను; దుప్పట్లను దిండు గలేబులను వేడినీటిలో ఉడికించి ఎండలో ఆరవేయవలెను; ఒకరి క్షౌరపు కత్తి నింకొకరు వాడరాదు; గోళ్లు పొట్టిగా నుండవలెను. గడ్డను చిదుమరాదు. ముఖ్యముగా ముక్కుమీదను పై పెదవిమీదను లేచినదానిని ముట్టరాదు. అచ్చటి రక్తనాళములకు కపాలము లోపలితో రాకపోకలున్నవి. జ్వరము వచ్చినను, గడ్డ చుట్టును ఎఱ్ఱదనము పాకుచున్నను, ఎఱ్ఱని గీత చేతిపైకి గాని కాలిపైకి గాని ప్రాకినను, తెల్లవారువరకు ఆగరాదు. వైద్యుడు ముక్కులో పూయుమని లేపనమిచ్చి ఇంటిల్లిపాదిని వాడుమన్నచో, గడ్డ లేనివారును దానిని ఆయన చెప్పిన దినములన్నియు పూసికొనవలెను. ఇంటిలో నొక్కని ముక్కులో క్రిమి మిగిలినను అది తిరిగి అందరిని చేరును.